ఊరు వదిలాకే ఊరి పేరు

'మీదే ఊరు?'

రైల్లో పక్కసీటాయన అడిగినా, పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు అడిగినా తెలుగువాళ్ల మధ్య మాట కలిసేది ఈ ప్రశ్నతోనే. హిందూపురంలో బెంగళూరు రైలెక్కితే ఇదే ప్రశ్న 'యా ఊరప్పా మీది?' అని వినిపిస్తుంది. ఒకప్పుడు దీనికి జవాబు చెప్పడం తేలిక. ఇప్పుడలా కాదు. నాన్న పుట్టింది ఒకచోట, అమ్మ పెరిగింది ఇంకోచోట, అద్దె ఇల్లు మరోచోట. ఇక పిల్లల్ని అడిగితే... అవ్వ వాళ్ల ఊరు చెప్పాలా, తమ అపార్ట్‌మెంటున్న ఊరు చెప్పాలా తెలియక అమ్మ ముఖం చూస్తారు.

ఈ ప్రశ్నలోంచే ఇవాళ ప్రపంచమంతటా కవిత్వం పుడుతోంది. ఓషన్ వాంగ్ అనే యువకవి కుటుంబం వియత్నాం నుంచి శరణార్థులుగా అమెరికా చేరింది. తన వాళ్ల గురించీ, వాళ్లు వదిలి వచ్చిన నేల గురించీ రాసుకున్న కవితలతో 2016లో ఆ కవి తొలి సంపుటి వచ్చింది. దానికి బ్రిటన్‌లో 2017 సంవత్సరపు టి.ఎస్.ఎలియట్ బహుమతి దక్కింది. ఇల్లు, వలస, వారసత్వం... ఈ మూడింటినీ కలిపి తొలి పుస్తకం రాయడం కొత్త తరానికి ఒక ఆనవాయితీ అయిపోయింది.

మరి మన దగ్గరో? దాదాపు వందేళ్ల కిందటే, ఇంకా మీసాలు రాని ఒక కుర్రాడు పెనుకొండలో కూర్చుని ఇలాంటి పనే చేశాడు. ఆ పుస్తకం 'పెనుగొండ లక్ష్మి'. ఆ కుర్రాడు పుట్టపర్తి నారాయణాచార్యులు. (పేరు చూసి పశ్చిమగోదావరి పెనుగొండ అనుకునేరు. ఇది రాయలసీమ పెనుకొండ.) అది వలస కావ్యమని ఎవరూ అనరు. కూలిన రాజధాని వైభవాన్ని తలచుకున్న పద్యకావ్యంగానే దానికి పేరు. కానీ ఆ కవి ఇంటి కథ, ఆ ఊరి కథ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ వలస కథలే.

తిరుమల వారు పుట్టపర్తి వారైన వేళ

తెనాలి రామకృష్ణుడి కథల్లో తాతాచార్యులు గుర్తున్నారు కదా? రాయలవారి గురువు. పిల్లల కథల్లో పాపం ఆయన ఎప్పుడూ రామకృష్ణుడి చేతిలో అల్లరిపాలవుతుంటాడు. కథల మాట అలా ఉంచితే, తిరుమల తాతాచార్యుల వంశం విజయనగర ప్రభువులకు గురుపీఠం. నారాయణాచార్యులు ఆ వంశం వారే. వాళ్ల ఇంటిపేరు మొదట 'తిరుమల'. ఆ వంశంలో ఒకరికి చిత్రావతి ఒడ్డున పుట్టపర్తిలో అగ్రహారం దక్కింది. అక్కడ కాపురం పెట్టారు. ఆ తర్వాతి తరాలకు 'పుట్టపర్తి' ఇంటిపేరుగా స్థిరపడింది.

ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే ఇంటిపేర్ల గుట్టు ఇక్కడే విడిపోతుంది. పుట్టపర్తిలో ఉన్నంతకాలం ఎవరినైనా 'పుట్టపర్తి వారు' అంటారా? ఊరంతా పుట్టపర్తి వారే కదా! ఊరు దాటి ఇంకో ఊళ్లో దిగాకే 'వాళ్లు ఫలానా ఊరి వాళ్లు' అనే గుర్తు అవసరమవుతుంది. అంటే ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న ప్రతి ఇంటి వెనకా ఎప్పుడో ఒకనాటి ప్రయాణం ఉంది. మూటాముల్లె సర్దుకున్న ఒక తెల్లవారుజాము ఉంది. ఎందుకు కదిలారో మర్చిపోయాం. ఎక్కడి నుంచి కదిలారో మాత్రం ఇంటిపేరు మర్చిపోనివ్వలేదు.

నారాయణాచార్యులు 1914 మార్చి 28న అనంతపురం దగ్గరి చియ్యేడులో పుట్టారు. పెరిగింది పెనుకొండలో. ఇంటిపేరులో ఒక ఊరు, పుట్టుకలో ఒక ఊరు, బాల్యంలో ఇంకో ఊరు. చదువు తిరుపతిలో. తర్వాత ప్రొద్దుటూరు, కడప. మధ్యలో కొంతకాలం తిరువనంతపురంలో నిఘంటువు పని. మలయాళం ఎంతగా ఒంటబట్టించుకున్నారంటే విశ్వనాథ 'ఏకవీర'ను ఆ భాషలోకి అనువదించారు. ఎక్కడికి వెళితే అక్కడి భాషను తనది చేసుకున్నారు. పద్నాలుగు భాషలు వచ్చని ప్రసిద్ధి. పండితుల ప్రజ్ఞ అని మనం దండం పెట్టి ఊరుకుంటాం గానీ, ఊళ్లు మారిన ఇంటికి భాషలే ఆస్తి అన్న సంగతి కూడా అందులో ఉంది.

పారిపోయి వచ్చిన రాజధాని

ఆయన కావ్యం రాసిన ఊరు సంగతి చూద్దాం. పెనుకొండకు ఘనగిరి అని మరో పేరు. విజయనగర రాజ్యం తొలినాళ్ల నుంచీ అది ముఖ్యమైన దుర్గం. అయితే దాని తలరాత మారింది 1565లో. ఆ ఏడాది జనవరిలో తళ్ళికోట యుద్ధం జరిగింది. మనవాళ్లు రాక్షసి తంగడి అనే యుద్ధం అదే. అళియ రామరాయలు హతుడయ్యాడు. ఆయన తమ్ముడు తిరుమల రాయలు పేరుకు చక్రవర్తిగా ఉన్న సదాశివరాయల్ని వెంటబెట్టుకుని, ఖజానాను ఏనుగుల మీదికెక్కించుకుని హంపీ వదిలి పెనుకొండ చేరాడు.

చరిత్ర పుస్తకంలో ఇది 'రాజధాని మార్పు' అనే రెండు మాటలు. కానీ రాజు ఒక్కడే కదలడు కదా. ఆయన వెంట సైనికులు, లెక్కలు రాసేవాళ్లు, వంటవాళ్లు, గుర్రాల కాపర్లు, వాళ్ల పెళ్లాం పిల్లలు... ఒక నగరం నగరమే బతుకు జీవుడా అని బయల్దేరితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ జనంతో పాటు కవిత్వమూ వచ్చింది. రామరాజభూషణుడు 'వసుచరిత్ర'ను అంకితమిచ్చింది ఈ తిరుమల రాయలకే. ఎంత గొప్ప కావ్యం! దాని వెనక, సర్వం పోగొట్టుకుని కొత్త ఊళ్లో నిలదొక్కుకుంటున్న ఒక దర్బారు ఉంది.

పెనుకొండ వైభవమూ ఎంతోకాలం నిలవలేదు. 16వ శతాబ్దం చివర్లో రాజధాని మళ్లీ మూట కట్టుకుని చంద్రగిరికి వెళ్లిపోయింది. వెనక మిగిలినవి కోటగోడలు, గగన్ మహల్, గుళ్లు, మసీదు, బస్తీ. మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక వాటి మధ్య ఒక పిల్లాడు ఆడుకున్నాడు. ఇంట్లో పెద్దలు 'మనం రాయలవారి గురువుల వంశం' అని చెబుతుంటే, బయట కళ్లెదుట కూలిన గోడలు కనిపించాయి. విన్నదానికీ చూసినదానికీ మధ్య ఉన్న ఆ దూరమే 'పెనుగొండ లక్ష్మి' అయింది.

తన కావ్యమే తనకు పాఠం

ఇంతకీ ఆ పిల్లాడికి పెనుకొండ ఇచ్చింది శిథిలాలు మాత్రమే కాదు. తండ్రి శ్రీనివాసాచార్యులు పండితులు. సంస్కృతం, తెలుగు ఇంట్లోనే దొరికాయి. సంగీతం, నాట్యం ఊళ్లో నేర్చుకున్నారు. పెనుకొండ అప్పట్లో సబ్‌కలెక్టరు ఉండే ఊరు. ఆ దొరగారి భార్య పిట్ దొరసాని ఇంగ్లీషు సాహిత్యం చెప్పింది. సముద్రం దాటి వచ్చి, కొండకింది ఊళ్లో కాపురమున్న ఆమె కూడా ఒక రకంగా వలస మనిషే. ఊళ్లోకి వచ్చిపోయే ప్రతి మనిషీ ఏదో ఒకటి వదిలి వెళతారనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక ఆ తొలి కావ్యానికి పట్టిన అదృష్టం తెలుగు సాహిత్యంలో అందరూ చెప్పుకునే ముచ్చట. పెద్దయ్యాక నారాయణాచార్యులు విద్వాన్ పరీక్షకు కూర్చున్నారు. పాఠ్యపుస్తకాల్లో ఒకటి... 'పెనుగొండ లక్ష్మి'! చిన్నప్పుడు తాను రాసిన పుస్తకాన్ని తానే పాఠంగా చదివి పరీక్ష రాయాల్సి వచ్చింది. మరి నూటికి నూరు రావాలి కదా? రాలేదు సరికదా, పరీక్షే తప్పారని చెబుతారు. రెండు మార్కుల ప్రశ్నకు నలభై పేజీల జవాబు రాస్తూ కూర్చున్నారట. టైము అయిపోయింది. మిగతా ప్రశ్నలు మిగిలిపోయాయి.

నవ్వొస్తుంది నిజమే. కానీ తన ఊరి గురించి, తన వాళ్ల గురించి అడిగితే ఎవరైనా రెండు మార్కుల్లో ఆగగలరా? మీ అవ్వను పుట్టింటి గురించి అడిగి చూడండి. నలభై పేజీలు ఏ మూలకూ చాలవు.

తర్వాతి కథ తెలిసిందే. 'శివతాండవం' ఆయన్ను తెలుగునాట ఇంటింటికీ తీసుకెళ్లింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1990 సెప్టెంబరు 1న కన్నుమూసేవరకు రాస్తూనే ఉన్నారు. ఇంత రాసిన మనిషి మొట్టమొదట కలం పట్టింది మాత్రం తనుంటున్న ఊరికోసం.

ధర్మవరం బళ్లారికి, తాడిపత్రి బళ్లారికి

ఇంటిపేరులో ఊరిని మోసుకెళ్లినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. 'ఆంధ్ర నాటక పితామహుడు' ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853 - 1912) బళ్లారిలో వకీలు. నాటకాలు రాసిందీ ఆడించిందీ అక్కడే. బళ్లారి జనానికి ఆయన 'ధర్మవరం' వారు. ఆయన మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు. ఈయనా బళ్లారిలోనే వకీలు, రంగస్థలం మీద మహానటుడు. చిత్రం చూడండి... మేనమామను పాత ఊరి పేరుతో పిలిచిన లోకం, మేనల్లుణ్ని కొత్త ఊరి పేరుతో పిలిచింది. తాడిపత్రి రాఘవ అంటే ఎవరికీ తెలియదు. బళ్లారి రాఘవ అంటే అందరికీ తెలుసు. వచ్చిన ఊరు సొంత ఊరైపోవడానికి పట్టింది ఒక్క తరం!

ధర్మవరం ప్రాంతమే ఇంకో గొప్ప బాటసారిని ఇచ్చింది. ఆ తాలూకాలో 1913లో పుట్టిన తిరుమల రామచంద్ర. ఈయన ఇంటిపేరూ తిరుమలే. లాహోరు దాకా వెళ్లి అక్కడి తాళపత్రాల మధ్య పనిచేశారు. పత్రికల్లో జీవితం గడిపారు. తన ఆత్మకథకు 'హంపీ నుంచి హరప్పా దాక' అని పేరు పెట్టుకున్నారు. ఆయన పోయాక 2001లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పెనుకొండ కుర్రాడు పద్యంలో చేసిన పనిని ఈయన వచనంలో చేశారు. ఇంట్లో పిల్లలకు పద్యం కొరుకుడు పడకపోతే ఈ పుస్తకంతో మొదలుపెట్టించవచ్చు.

ఎవరు స్థానికులు?

'వాళ్లు బయటి నుంచి వచ్చినోళ్లు' అనే మాట మనం తేలిగ్గా అనేస్తుంటాం. ఈ మూడు ఊళ్లలో తిరిగితే ఆ మాట అనడానికి నోరు రాదు.

హిందూపురాన్నే తీసుకోండి. గుత్తి కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఈ ఊరు కట్టించి, తండ్రి హిందూరావు పేరు పెట్టాడని చెబుతారు. అంటే తెలుగు కన్నడ కలగలిసి మాట్లాడే ఈ ఊరికి పేరిచ్చింది మరాఠీ ఇల్లు! ధర్మవరం చెరువు తవ్వించిన క్రియాశక్తి ఒడెయరు తన తల్లి ధర్మాంబ పేరు ఊరికి పెట్టాడంటారు. ఒక ఊరికి తండ్రి పేరు, ఇంకో ఊరికి తల్లి పేరు. ఇంటి జ్ఞాపకాలే ఊళ్లయ్యాయన్నమాట.

పెనుకొండలో బాబయ్య దర్గాకు కులమతాల పట్టింపు లేకుండా జనం వెళతారు. ఆ బాబయ్య ఎక్కడో ఇరాన్ వైపు రాజ్యం వదులుకుని ఇక్కడికి చేరారని భక్తుల నమ్మకం. అదే పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఫ్యాక్టరీతో పాటు కొరియా వాళ్లూ వచ్చారు. వాళ్లకోసం కొరియా వంటల హోటళ్లు వెలిశాయి. జొన్నరొట్టె, రాగిసంగటి తిని పెరిగిన కుర్రాళ్లు కొరియా మాటలు నాలుగు నేర్చుకుంటున్నారు. రేపు ఆ కొరియా ఇళ్లలో పిల్లో పిల్లాడో 'మా నాన్న ఉద్యోగం చేసిన పెనుకొండ' అని ఒక కవిత రాస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

వచ్చేవాళ్ల సంగతి సరే, పోయేవాళ్లో? దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. వేరుశనగ చేతికి రాని ఏడాది పల్లె సగం ఖాళీ అవుతుంది. ముసలివాళ్లను ఇంటి దగ్గర వదిలి, వయసువాళ్లు బెంగళూరు బిల్డింగు పనులకు వెళతారు. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కానీ సిమెంటు బస్తాల మధ్య పెరిగే పిల్లకు పల్లె ఎంత దూరం? ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్న నేతగాడి కొడుకు సాఫ్ట్‌వేరు ఉద్యోగానికి పోతే, అచ్చుకు పడుగు ఎలా అతుకుతారో అతని పిల్లలకు చెప్పేదెవరు?

శాసనం లేని ఇళ్ల సంగతి

ఇక్కడ ఒక మాట నిజాయతీగా అనుకోవాలి. పుట్టపర్తి వారికి చెప్పుకోవడానికి రాజగురువులున్నారు, అగ్రహారం ఉంది. మరి తాత బావులు తవ్విన ఇల్లు? అవ్వ శనక్కాయలు ఒలిచిన ఇల్లు? వాళ్లకేం వారసత్వం ఉందని రాయాలి?

ఈ ప్రశ్నకు మంచి జవాబు తమిళనాడులో ఉంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టిన కి.రాజనారాయణన్ తమిళంలో పేరుమోసిన రచయిత. ఎప్పుడో తెలుగునేల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని దక్షిణానికి నడిచిపోయిన కుటుంబాల కథను 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. అందులో వలస కథ చెప్పేది ఒక ముసలవ్వ. రాజుల శాసనాలు కావు, అవ్వ నోటి మాటే ఆధారం. ఆ నవలకు కొనసాగింపుగా రాసిన పుస్తకానికి 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలి? శాసనం లేని ఇంటికి అవ్వే శాసనం.

పైగా గొప్పల చిట్టా ఒక్కటే వారసత్వమైతే చివరికి 'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అన్న సామెతలా తయారవుతుంది. 'పెనుగొండ లక్ష్మి' రాసిన పిల్లాడు ఆ ఉచ్చులో పడలేదు. నెయ్యి వాసనతో సరిపెట్టుకోకుండా కూలిన గోడను చూసి బాధపడ్డాడు. పోయింది పోయిందని ఒప్పుకున్నాడు. అందుకే అది కావ్యమైంది. మన ఇళ్లలోనూ కష్టాన్ని దాచి గొప్పే చెబితే పిల్లలు రెండుసార్లు వింటారు, మూడోసారి ఫోను చూసుకుంటారు. కరువేడు గంజి తాగిన సంగతి చెప్పి చూడండి. తలెత్తి 'తర్వాత?' అంటారు.

భయమల్లా ఒక్కటే. బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో పెరిగే పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, రాత రాదు. కొందరు 'యాడికి', 'ఏంటికి' అనే అవ్వ యాసకు స్నేహితుల ముందు సిగ్గుపడతారు. అవ్వ పోయిన రోజున ఇంటి కథా పోతుంది. కోట కూలితే రాళ్లయినా మిగులుతాయి. జ్ఞాపకం కూలితే మిగిలేదేమీ ఉండదు.

ఈ ఆదివారం ఒక పని

కావ్యాలు రాయక్కర్లేదు. ఒక రెండొందల పేజీల నోటుబుక్కు చాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టండి. ఈ ప్రశ్నలు అడగమనండి.

మన ఇంటిపేరు ఏ ఊరిదో, ఏ పనిదో?

ఆ ఊరు ఎవరు వదిలారు? కరువుకా, అప్పుకా, పెళ్లికా, చదువుకా, పగకా?

వచ్చేటప్పుడు వెంట ఏం తెచ్చుకున్నారు? ఏం వదిలేశారు?

కొత్త ఊళ్లో మొదట అన్నం పెట్టిందెవరు? ఇల్లు అద్దెకివ్వనన్నదెవరు?

ఆ ఊళ్లో వాడి, ఇక్కడ వాడని మాటలు ఏమైనా గుర్తున్నాయా?

జవాబులు పిల్లలే రాయాలి, తెలుగులో రాయాలి. తప్పులుంటే ఉండనివ్వండి. అవ్వ ఎలా అంటే అలాగే రాయమనండి, సరిదిద్దకండి. రాయడం రానివాళ్లు ఫోనులో రికార్డు చేసినా సరే, తర్వాత ఒకరు కాగితం మీదికి ఎక్కించాలి. పేజీ పైన తేదీ, చెప్పినవాళ్ల పేరు తప్పనిసరి.

సెలవుల్లో వీలైతే ఆ ఊరికి ఒకసారి తీసుకెళ్లండి. పెనుకొండ వైపు వెళ్లేవాళ్లు గగన్ మహల్ ముందు ఫొటో దిగి వచ్చేయకుండా, ఓ పది నిమిషాలు మెట్ల మీద కూర్చుని పిల్లలకు ఆ కుర్రాడి కథ చెప్పండి. మీ పిల్లల వయసు వాడే ఇక్కడ తిరుగుతూ పుస్తకం రాశాడని, పెద్దయ్యాక ఆ పుస్తకం మీదే పరీక్ష రాశాడని చెప్పండి. తప్పాడన్న సంగతి దాచకండి. మార్కుల భయంతో ఉన్న పిల్లలకు అది ఎంత ధైర్యమో!